అమెరికాలో కంట్రోల్డ్ మందులు: చీటీలో ఏదైనా తక్కువైతే ఫార్మసిస్ట్ ఏం చేస్తారు?

యాంటీబయాటిక్ చీటీలో చిన్న లోపం ఉంటే ఫార్మసీవాళ్ళు డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి సర్దేస్తారు, మీకు తెలియను కూడా తెలియదు. అదే లోపం ఆక్సికోడోన్ (తీవ్రమైన నొప్పికి వాడేది) చీటీలోనో అడెరాల్ (ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత సమస్యకి వాడేది) చీటీలోనో ఉంటే మాత్రం కౌంటర్ దగ్గర ఆగిపోతారు. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని అవమానంగా తీసుకుంటారు, మనల్ని అనుమానిస్తున్నారని గొడవకి దిగుతారు. అక్కడ అడగాల్సింది ఒక్కటే: "ఏం తక్కువైంది? మీరు ఫోన్ చేస్తే సరిపోతుందా, కొత్త చీటీ కావాలా?"

అలవాటు పడిపోయే, దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉందని ప్రభుత్వం అదుపులో పెట్టిన మందులే కంట్రోల్డ్ మందులు. ముందు అవి ఏవో చూద్దాం. 1970 నాటి కేంద్ర చట్టం వీటిని ఐదు షెడ్యూళ్ళుగా (నంబర్ తక్కువైతే అదుపు ఎక్కువ) విడగొట్టింది. ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, అడెరాల్, రిటాలిన్ షెడ్యూల్ 2. అల్ప్రజోలామ్, క్లోనజెపామ్, జోల్పిడెమ్ షెడ్యూల్ 4. ట్రమడాల్ 2014లో షెడ్యూల్ 4లోకి చేరింది. నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ కూడా షెడ్యూల్ 5లో ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు.

చీటీలో ఇవన్నీ ఉండాలి: రాసిన తేదీ, మీ పూర్తి పేరు, చిరునామా, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మాత్రా సిరప్పా, ఎన్ని ఇవ్వాలి, ఎలా వాడాలి, డాక్టర్ పేరు, చిరునామా, సంతకం, డీఈఏ నంబర్ (ఈ మందులు రాయడానికి కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ డాక్టర్‌కి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్). ఆ నంబర్‌లో రెండు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. 1, 3, 5 స్థానాల్లోని అంకెల మొత్తానికి, 2, 4, 6 స్థానాల్లోని అంకెల మొత్తాన్ని రెట్టించి కలిపితే వచ్చే సంఖ్యలో చివరి అంకె ఏడో అంకెతో సరిపోవాలి. దొంగ నంబర్ వేసినవాళ్ళు ఇక్కడే దొరికిపోతుంటారు.

చట్టం ప్రకారం చీటీ సరైనదేనా అని చూసే బాధ్యత డాక్టర్‌తో పాటు ఫార్మసిస్ట్‌కీ ఉంది. తేడా వస్తే లైసెన్సు మీదికి వస్తుంది. అందుకే చీటీ అందగానే రాష్ట్రం నడిపే రికార్డులో మీరు ఇంతకుముందు ఏ కంట్రోల్డ్ మందులు, ఎక్కడ తీసుకున్నారో చూస్తారు. ఆ తర్వాత లోపం ఎలాంటిదన్నది చూస్తారు. చిరునామా లేకపోతే మీ ఐడీ చూసి రాసుకోవడం మామూలే. ఎన్ని మాత్రలు, ఎంత పవర్, ఎలా వాడాలి అన్నవాటిలో తేడా ఉంటే డాక్టర్‌తో మాట్లాడి, ఎవరితో ఎప్పుడు మాట్లాడారో నమోదు చేసి సరిచేసే వీలుంటుంది. షెడ్యూల్ 2 మందులకి ఇక్కడ రాష్ట్ర చట్టం, ఫార్మసిస్ట్ విచక్షణ రెండూ కలుస్తాయి. కాబట్టి ఒక ఫార్మసీ ఫోన్‌తో సరిపెడితే, పక్క ఫార్మసీ కొత్త చీటీ తెమ్మనవచ్చు. రెండూ తప్పు కాదు. కానీ పేషెంట్ పేరు, మందు (బ్రాండ్ బదులు అదే మందు జెనెరిక్ రూపంలో ఇవ్వడం వేరు), డాక్టర్ సంతకం ఫార్మసిస్ట్ మార్చకూడదు. వీటిలో తేడా ఉంటే డాక్టర్ మళ్ళీ రాయాల్సిందే.

మన తెలుగువాళ్ళకి అసలు టెన్షన్ పేరుతోనే. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట. పాస్‌పోర్టులో ఒకలా, ఇన్సూరెన్స్ కార్డులో ఇంకోలా, క్లినిక్‌లో ఇనీషియల్‌తో మూడోలా. పుట్టినతేదీ కూడా ఇక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి 05/08 అంటే మే 8. రికార్డు వెతికేది పేరు, పుట్టినతేదీతోనే కాబట్టి క్లినిక్‌లో మొదటి ఫారం నింపేటప్పుడే ఐడీలో ఉన్నట్టు రాయండి. ఈ ఒక్క పనితో సగం తలనొప్పి పోతుంది.

చీటీలో అక్షరదోషం ఉన్నా సరే, మీరు పెన్ను పెట్టొద్దు. అది ఫోర్జరీ కిందికి వస్తుంది. చీటీ ఒక చోట ఆగిందని నాలుగు షాపులు తిరగడం కూడా మంచిది కాదు, అనుమానం పెరుగుతుంది. శుక్రవారం సాయంత్రం చీటీ పంపించుకుంటే డాక్టర్ ఆఫీసు మూసేసి ఉంటుంది, సోమవారం దాకా ఆగాలి.

చీటీ సరిగ్గానే ఉన్నా స్టాకు లేకపోవచ్చు. షెడ్యూల్ 2లో కొన్ని మాత్రలే ఇస్తే మిగతావి 72 గంటల్లో ఇవ్వాలి. ఆ గడువు దాటితే కొత్త చీటీ కావాలి. మీరో డాక్టరో అడిగి తక్కువ తీసుకుంటే, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నచోట, 30 రోజుల దాకా వీలుంది. 2023 ఆగస్టు నుంచి, ఇంకా మందు ఇవ్వని ఎలక్ట్రానిక్ చీటీని ఒకసారి వేరే ఫార్మసీకి బదిలీ చేయమని అడగవచ్చు. షెడ్యూల్ 2కి రీఫిల్ (అదే చీటీ మీద మళ్ళీ మందు తీసుకోవడం) ఉండదు. షెడ్యూల్ 3, 4 మందులకి ఆరు నెలల్లో ఐదు దాకా.

క్లోనజెపామ్, అల్ప్రజోలామ్ లాంటివి రోజూ వాడేవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయో ఫార్మసిస్ట్‌కి, డాక్టర్‌కి ఇద్దరికీ చెప్పండి. తొందర ఎంతో వాళ్ళకి అప్పుడే తెలుస్తుంది.

ఇండియా డాక్టర్ చీటీ ఈ మందులకి ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆయనకి డీఈఏ రిజిస్ట్రేషన్ ఉండదు. మందు జెనెరిక్ పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారో రాసిన లెటర్ తెచ్చుకుని, తెచ్చిన మాత్రలు సగం ఉండగానే ఇక్కడి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. కొత్త పేషెంట్లకి వారాల తరబడి ఖాళీ దొరకని క్లినిక్‌లు చాలా ఉన్నాయి.