టామ్‌క్యాట్ సెక్యూరిటీ, 4వ పాఠం: లాగిన్ అయింది, మరి 403 ఎందుకు?

పోయిన పాఠంలోని అభ్యాసం దగ్గర చాలామంది ఒకే చోట ఇరుక్కుపోయారు. టామ్‌క్యాట్ (జావా వెబ్ యాప్‌లను నడిపే సర్వర్) లాగిన్ పేజీ వచ్చింది, పాస్‌వర్డ్ కొట్టారు, 403 వచ్చింది, అంటే ‘అనుమతి లేదు’. వెంటనే పాస్‌వర్డ్ మార్చారు, మళ్లీ మార్చారు. కొందరైతే టామ్‌క్యాట్‌నే తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న జాస్ రెల్మ్‌ను (రెల్మ్ అంటే యూజర్లు, పాస్‌వర్డ్‌లు, రోల్స్ ఎక్కడున్నాయో సర్వర్‌కు చెప్పే భాగం, జాస్ అందులో ఒక రకం) పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. అది తప్పైతే ఫామ్ లాగిన్‌లో ఎర్రర్ పేజీ వస్తుంది, బేసిక్‌లో (పేజీ లేకుండా బ్రౌజరే పేరు, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) 401 వస్తుంది, అంటే ‘మీరెవరో తేలలేదు’. (401 వచ్చినవాళ్లు టామ్‌క్యాట్-యూజర్స్.ఎక్స్‌ఎంఎల్ ఒకసారి తెరవండి. అందులోని నమూనా యూజర్లు కామెంట్‌లో ఉంటారు. మీ యూజర్‌ను కూడా ఆ కామెంట్ లోపలే రాసి ఉంటారు.) లాగిన్ అయ్యాక 403 వస్తే, సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టింది, రోల్ (యూజర్‌కు ఇచ్చిన హోదా) దగ్గర ఆపింది. అసలు లాగిన్ అడగకుండానే 403 వస్తే మాత్రం రోల్స్‌ను అనుమానించకండి. టామ్‌క్యాట్‌తో వచ్చే మేనేజర్ యాప్‌ను వేరే మెషీన్ నుంచి తెరిచినవాళ్లకు జరిగింది ఇదే. దాని కాంటెక్స్ట్.ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్న, వచ్చినవాళ్ల అడ్రస్ చూసి వడకట్టే వాల్వ్ మామూలుగా లోకల్ మెషీన్‌ను తప్ప ఎవరినీ రానివ్వదు.

మిగతాది లాగ్ చెబుతుంది. కాన్ఫ్ ఫోల్డర్‌లోని లాగింగ్.ప్రాపర్టీస్ చివర ఈ లైనును ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చి రీస్టార్ట్ చేయండి:

ఆర్గ్.అపాచీ.కాటలినా.రెల్మ్.లెవెల్ = ఆల్

ఫలానా యూజర్‌కు ఫలానా రోల్ లేదని, రెండు పేర్లూ చదరపు బ్రాకెట్లలో పెట్టి మరీ రాస్తుంది. ఆ రోల్ పేరును యూజర్‌కు మీరిచ్చిన రోల్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఒకచోట మొదటి అక్షరం పెద్దది, ఇంకోచోట చిన్నది అయినా సర్వర్‌కు అవి రెండు వేర్వేరు రోల్స్.

ఇక నన్ను బాగా విసిగించే స్టార్ దగ్గరికి వద్దాం. వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో ఏ పేజీ ఏ రోల్‌కు తెరుచుకోవాలో చెప్పే ఆథ్-కన్‌స్ట్రెయింట్‌లో రోల్-నేమ్‌గా * పెట్టి, లాగిన్ అయినవాళ్లందరికీ దారి తెరిచామనుకుంటారు. కాదు. వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో సెక్యూరిటీ-రోల్ కింద ప్రకటించిన రోల్స్‌లో ఏదో ఒకటి ఉన్నవాళ్లకే దారి. ఒక్క రోల్ కూడా ప్రకటించలేదా? అందరికీ 403. ఎడిటర్, అడ్మిన్ ప్రకటించారు, యూజర్‌కు ఉన్నది వ్యూయర్. మళ్లీ 403. వ్యూయర్‌ను కూడా ప్రకటించండి, పేజీ తెరుచుకుంటుంది.

అసలు కిరికిరి ఇంకోటుంది. ఏ కన్‌స్ట్రెయింట్‌లోనైనా ఎడిటర్ అని పేరు పెట్టి రాసి, ప్రకటించడం మరిచిపోతే, టామ్‌క్యాట్ స్టార్టప్‌లో ఒక వార్నింగ్ పడేసి ఆ రోల్‌ను తనే చేర్చేసుకుంటుంది. దాంతో స్టార్ ఉన్న పేజీ ఎడిటర్‌కు తెరుచుకుంటుంది, వ్యూయర్‌కు తెరుచుకోదు. ఫైల్‌లో చూస్తే ప్రకటనలేవీ ఉండవు. ఇలాంటప్పుడు స్టార్టప్ లాగ్ చదవనివాళ్లకు సాయంత్రం దాకా తల వాచిపోతుంది.

లాగిన్ అయితే చాలు అనుకుంటే ** రాయండి. సర్వ్‌లెట్ 3.1 నుంచి, అంటే టామ్‌క్యాట్ 8 నుంచి ఇది ఉంది. రెల్మ్‌లో ఆల్‌రోల్స్‌మోడ్‌ను ఆథ్‌ఓన్లీ చేసినా పని జరుగుతుంది కానీ నాకది నచ్చదు. ఆ అనుమతి సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో ఉండిపోతుంది, వార్ ఫైల్ (యాప్ మొత్తం ఉండే ప్యాకేజీ) వేరే సర్వర్‌కు వెళ్లిన రోజు 403 మళ్లీ మొదలు.

ఇలాంటివి వెతికేటప్పుడు నేను ఫామ్ లాగిన్ తీసేసి బేసిక్ పెట్టి, కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే సాధనం) కొడతాను. బ్రౌజర్‌లో పాత సెషన్ అలాగే ఉండిపోతుంది. యూజర్లను డేటాబేస్‌లో చూసే డేటాసోర్స్ రెల్మ్ రోల్స్‌ను లాగిన్ అప్పుడే చదువుతుంది కాబట్టి, డేటాబేస్‌లో మార్చినా పాత సెషన్‌కు తెలియదు.

అభ్యాసం: రిపోర్ట్స్ అనే పాత్‌కు కన్‌స్ట్రెయింట్ రాసి, హెచ్‌టీటీపీ-మెథడ్‌లో గెట్, పోస్ట్ మాత్రమే పెట్టండి. ఎడిటర్‌ను మాత్రమే ప్రకటించండి. ఒక ఎడిటర్, ఒక వ్యూయర్, ఏ రోల్ లేని ఒక యూజర్ కావాలి. సర్వ్‌లెట్‌లో గెట్, పోస్ట్, డిలీట్ మూడూ రాయండి, లేకపోతే 405 (ఆ మెథడ్ ఇక్కడ లేదు) వస్తుంది. ముందు * తో, తర్వాత ** తో, ముగ్గురి చేతా మూడు మెథడ్‌లూ కొట్టించండి. మొత్తం 18 జవాబులు. కర్ల్ నడపకముందే అన్నీ కాగితం మీద రాసుకోవాలి. తేడా వచ్చిన ప్రతిదానికీ లాగ్‌లో కారణం చూపించాలి. డిలీట్‌ను మాత్రం యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఏమీ ఇవ్వకుండా కూడా ఒకసారి కొట్టి చూడండి.