పాట రికార్డింగ్‌లో వెనక గోల: చప్పుడు ఏ దారిన వస్తోందో ముందు తేల్చుకోండి

ఇంట్లో పాట రికార్డ్ చేసుకునేవాళ్లు చాలామంది ముందు నల్ల ఫోమ్ ముక్కలు కొని గోడలకి అంటిస్తారు. డబ్బులు పోతాయి, వీధిలో ఆటో హారన్ మాత్రం అలాగే వినిపిస్తుంది. ఎందుకంటే ఆ ఫోమ్ గదిలో గొంతు మోగడాన్ని కాస్త తగ్గిస్తుందే తప్ప బయటి చప్పుడుని ఆపదు.

కాబట్టి ఏదైనా కొనేముందు ఒక పరీక్ష. పాడేటప్పుడు ఏవేవి ఆన్‌లో ఉంటాయో అన్నీ అలాగే ఉంచి, గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే నాబ్) కదపకుండా, నోరు మూసుకుని అర నిమిషం రికార్డ్ చేయండి. తర్వాత ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైక్‌కి వెళ్లే కరెంటు) ఆపి, ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నుంచి మైక్ కేబుల్ తీసేసి ఇంకో అర నిమిషం. రెండూ హెడ్‌ఫోన్స్‌లో వినండి. మైక్ తీసేసినా అదే మోత ఉంటే తప్పు కరెంటుదో, కంప్యూటర్‌దో, ఇంటర్‌ఫేస్‌దో. తీయగానే పోయిందంటే గదినీ మైక్‌నీ కేబుల్‌నీ చూడాలి.

సమస్య: ఒకే శ్రుతిలో గుయ్‌మనే మోత

పాడకపోయినా వెనకాల ఎవరో తంబూరా మీటుతున్నట్టు ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అదీ దాని రెట్లు 100, 150 ఇలా లోపలికి వచ్చేస్తాయి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, మోత పోతే దొంగ దొరికినట్టే. ల్యాప్‌టాప్ మెటల్ బాడీని చేత్తో ముట్టుకున్నప్పుడు మోత తగ్గుతోందంటే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. బ్యాటరీ మీదే రికార్డ్ చేయడం అన్నిటికన్నా సులువు. లేదంటే సరైన ఎర్త్ ఉన్న ఒకే సాకెట్ నుంచి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి అన్నీ పెట్టండి. మోత పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ విరిచేయమంటే వినకండి, షాక్ కొట్టకుండా కాపాడేది అదే.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే గరగర వస్తోందా? స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, ఆ టైంలో రికార్డింగ్ మానుకోండి. మైక్ పక్కన ఫోన్ ఉండి టిక్‌టిక్‌మని బుర్రుమంటే దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పక్కగదిలో పడేయండి.

సమస్య: స్‌స్‌స్ అనే సన్నని హిస్

గొంతు దూరంగా ఉండి, అది చాలడం లేదని గెయిన్ పెంచేస్తే వచ్చేది ఇది. మైక్‌కి ఉన్న దూరం సగానికి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలో చప్పుడు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. పైసా ఖర్చు లేని ఉపాయం. మూతికీ మైక్‌కీ మధ్య జానెడు చాలు, మధ్యలో ప, బ లాంటి అక్షరాల గాలిని ఆపే పాప్ ఫిల్టర్ పెట్టుకోండి. దగ్గరికొచ్చేసరికి గొంతు బరువెక్కి వినిపిస్తే 80 హెర్ట్జ్ కిందున్నదాన్ని హైపాస్ ఫిల్టర్‌తో కోసేయండి. గట్టిగా పాడినప్పుడు మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆడితే బాగుంటుంది. షూర్ ఎస్ఎం7బి లాంటి, సిగ్నల్ తక్కువ ఇచ్చే డైనమిక్ మైక్‌కి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి, చౌక ఇంటర్‌ఫేస్‌తో అది హిస్ కొడితే తప్పు మైక్‌ది కాదు.

సమస్య: ఫ్యాన్, ఏసీ, రోడ్డు

ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో విజయవాడలో ఉండేవాళ్లకి ఈ మాట చెప్పడం తేలికే, పాటించడం కష్టం, నాకూ తెలుసు. ఏసీ ఉంటే గదిని ముందే బాగా చల్లబరిచి, ఆపేసి, ఒక్కో చరణం పాడుకోండి. ఆ తర్వాత చూసుకోవాల్సింది మైక్ ఎటు తిరిగి ఉందన్నది. కార్డియాయిడ్ మైక్‌కి (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) సరిగ్గా వీపు వైపు చాలా తక్కువ వినిపిస్తుంది, అందుకే దాని వీపు కిటికీకో ల్యాప్‌టాప్‌కో ఉండాలి. అప్పుడు మైక్ ముఖం మీ వెనక గోడని చూస్తుంది కాబట్టి బొంతలూ రజాయిలూ కట్టాల్సింది మీ వెనకాల. అందరూ మైక్ వెనక కడతారు. చీరలతో నిండిన బీరువా ఉంటే తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి నిలబడండి, ఫోమ్ కన్నా బాగా పనిచేస్తుంది. స్టాండ్‌ని ల్యాప్‌టాప్ ఉన్న టేబుల్ మీద మాత్రం పెట్టొద్దు.

సమస్య: గొంతు ట్రాక్‌లో సన్నగా మ్యూజిక్ ట్రాక్ వినిపిస్తోంది

హెడ్‌ఫోన్స్ లోంచి కారుతోంది. చెవి పూర్తిగా మూసే రకం వాడండి, తాళం కోసం వినే క్లిక్ సౌండ్ తగ్గించండి.

సమస్య: రికార్డింగ్‌లో లేని గోల మిక్స్ చేశాక వచ్చింది

మిక్స్‌లో వాడే కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని అణిచి, మేకప్ గెయిన్‌తో మొత్తాన్ని పైకి లేపుతుంది, చప్పుడూ దాంతోపాటే లేస్తుంది. అందుకని శుభ్రం చేయడం కంప్రెసర్‌కి ముందే. గేట్ (శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే ట్రాక్‌ని మూసేసే టూల్) పెడితే పాదం చివర గమకం తెగిపోతుంది, దానికన్నా ఖాళీలని చేత్తో కోసి ఫేడ్ ఇవ్వడమే నాకు నచ్చుతుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ వాడితే గొంతు లేని ముక్కని నాయిస్ ప్రొఫైల్‌గా ఇచ్చి 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి, ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. అది కూడా ఫ్యాన్ లాంటి ఆగని మోతకే. కుక్క అరుపు, కుక్కర్ విజిల్ పడితే ఆ లైన్ మళ్లీ పాడటమే మేలు. అప్పుడు దూరం, గెయిన్ అవే ఉండాలి, లేకపోతే అతుకు తెలిసిపోతుంది, కాబట్టి మైక్ ఎక్కడుందో గెయిన్ నాబ్ ఎంతలో ఉందో మొదటి రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.