పీజీ, పరిశోధన విభాగాల అధికారుల వార్షిక సదస్సు: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశాలు, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్లు, ఫెలోషిప్పుల చెల్లింపులు, థీసిస్‌ల మూల్యాంకనం వంటి పనులు చూసే డిప్యూటీ రిజిస్ట్రార్లు, అసిస్టెంట్ రిజిస్ట్రార్లు, సెక్షన్ సూపరింటెండెంట్లు ఏడాదికొకసారి కలుసుకునే సదస్సు బాధ్యతను సాధారణంగా ఒక ఆచార్యునికి అప్పగిస్తారు. ఆయన తనకు అలవాటైన జాతీయ సెమినార్ పద్ధతిలోనే దీన్నీ నడపబోతారు. చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయని, కొన్నేళ్లు ఇటువంటి నిర్వహణ సంఘాల్లో పనిచేసిన అనుభవంతో చెప్పగలను. సెమినార్‌లో పత్రం సమర్పిస్తే అధ్యాపకునికి పదోన్నతిలో ఎంతో కొంత పనికొస్తుంది. అధికారి ఇలాంటి సదస్సుకు వస్తే, తిరిగి వెళ్లేసరికి బల్ల మీద రెండు రోజుల ఫైళ్లు అదనంగా చేరి ఉంటాయి. ఆయన రావడానికి మనసొక్కటే చాలదు, ఒక ఉత్తర్వు కావాలి. కింది సమస్యలన్నిటికీ ఈ తేడాయే మూలం.

ఆహ్వానాలు వెళ్లాయి, పేర్లు మాత్రం రావడం లేదు

నెల రోజులైనా నమోదుల పట్టిక సగం కూడా నిండకపోతే, నిర్వాహకులు వెంటనే మరింత అందమైన బ్రోచర్ వేయించి మళ్లీ పంపుతారు. దానివల్ల ప్రయోజనం ఉండదు. ముందుగా పంపిన లేఖను బయటికి తీసి, దాని ఆధారంగా అవతలి కార్యాలయంలో నోట్ ఫైల్ (పై అధికారి అనుమతి కోసం పెట్టే ప్రతిపాదన) రాయడం సాధ్యమా అని చూడాలి. లేఖ అందుకున్న సూపరింటెండెంట్ తన నోట్‌లో ఎవరిని పంపాలి, ఎన్ని రోజులు ఆన్ డ్యూటీగా పరిగణించాలి, నమోదు రుసుము ఎంత, ప్రయాణ భత్యం (టీఏ), దినభత్యం (డీఏ) ఎవరు భరిస్తారు అన్న నాలుగు విషయాలు తప్పక రాయాలి. వీటిలో ఒక్కటి తెలియకపోయినా ఫైనాన్స్ ఆఫీసర్ ‘వివరణ కోరవలెను’ అని రాసి ఫైలు వెనక్కి పంపుతారు, అది మళ్లీ పైకి వెళ్లేసరికి నమోదు గడువు దాటిపోతుంది.

కాబట్టి లేఖను రిజిస్ట్రార్ పేరిటే పంపి, ప్రతిని సంబంధిత అధికారికి ఇవ్వాలి. విశ్వవిద్యాలయానికి ఎంతమందిని, ఏ హోదాల్లోని వారిని నామినేట్ చేయాలో, ప్రయాణ ఖర్చు మాతృసంస్థదో ఆతిథ్య సంస్థదో అందులో స్పష్టంగా రాయాలి. ‘ఆసక్తి గల వారందరూ ఆహ్వానితులే’ అన్న వాక్యం చూడటానికి ఉదారంగా ఉంటుంది, కానీ దాని ఆధారంగా ఏ కార్యాలయమూ ఉత్తర్వు ఇవ్వలేదు. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి 60 రోజుల ముందే మొదలవుతున్నందున, ఫైలు తిరిగే సమయాన్ని కూడా కలుపుకొని లేఖ కనీసం మూడు నెలల ముందు చేరాలి.

లేఖ సరిగానే ఉంది, అయినా ‘ఆ వారం కుదరదండీ’ అంటున్నారు

ఇది తేదీ లోపం. ఒకప్పుడు ప్రతి విశ్వవిద్యాలయమూ తన పీజీ ప్రవేశాలను తానే జరుపుకొనేది కాబట్టి, ఒకచోట రద్దీ ఉంటే మరొకచోట తీరిక ఉండేది. ఇప్పుడు పీజీ ప్రవేశ పరీక్షలు తెలంగాణలో సీపీగెట్ పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి పీజీసెట్ పేరుతో ఉమ్మడిగా జరుగుతున్నందున, ఒక్కో రాష్ట్రంలోని ప్రవేశాల సిబ్బంది అందరూ ఒకే రోజుల్లో కౌన్సెలింగ్, ధ్రువపత్రాల పరిశీలన పనుల్లో మునిగిపోతారు. ఆ రోజుల్లో ఎంత మంచి సదస్సు పెట్టినా వచ్చేవారు ఉండరు. మార్చి నెల అంతకంటే కష్టం, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లులు పాస్ చేయించుకునే హడావుడిలో ఎవరూ సీటు వదలరు.

తేదీ ఎంచుకునేటప్పుడు మూడు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టుకోవాలి: ప్రవేశాల షెడ్యూలు, పరీక్షల షెడ్యూలు, పంచాంగం. పంచాంగం ఎందుకని కొత్తవారు నవ్వుతారు. మాఘ ఫాల్గుణాల్లోనూ, వైశాఖ శ్రావణాల్లోనూ పెళ్లి ముహూర్తాలు దట్టంగా ఉంటే హోటల్ గదులూ హాళ్లూ దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. ఆషాఢంలో హాళ్లు ఖాళీగానే ఉంటాయి కానీ ప్రవేశాల పని మొదలై ఉంటుంది. భాద్రపద బహుళ పక్షంలో ముహూర్తాలు ఉండవు, కౌన్సెలింగ్ తేదీలు అడ్డురాకపోతే ఆ పక్షం అనుకూలమే. అయితే కొందరు ఆ రోజుల్లో పితృకార్యాలకు సెలవు పెడతారు. హైదరాబాద్‌లో పెట్టదలచుకుంటే నిమజ్జనం రోజును మాత్రం దూరంగా ఉంచాలి. నా మటుకు పుష్యమాసమే మేలు, సంక్రాంతి ముగిసి అందరూ ఊళ్ల నుంచి తిరిగి వచ్చాక, మాఘం రాకముందు దొరికే కొద్ది రోజులు. మంత్రిని ముఖ్య అతిథిగా పిలవాలనుకుంటే ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చే అవకాశం ఉందేమో కూడా ముందే చూసుకోవాలి.

రెండో రోజు మధ్యాహ్నానికి హాలు ఖాళీ

భోజన విరామం తర్వాత వేదిక మీద ఆరుగురు, ఎదురుగా పదిమంది కూర్చున్న దృశ్యం చాలామంది నిర్వాహకులకు తెలిసిందే. ఆ సమయంలో రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరికి వెళ్తే కారణం కనిపిస్తుంది. భుజానికి బ్యాగు తగిలించుకున్న ప్రతినిధులు హాజరు ధ్రువపత్రం కోసం వరుస కట్టి ఉంటారు, ఎందుకంటే అది లేకపోతే టీఏ బిల్లు పాస్ కాదు. విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్‌లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే బయలుదేరుతుంది. దాన్ని అందుకోవాలంటే మూడున్నరకైనా హాలు వదలాలి, అందువల్ల నాలుగింటికి పెట్టిన ముగింపు సభ ఆ ప్రాంతం వారికి లేనట్టే. ఒకసారి ధ్రువపత్రాలన్నీ ముగింపు సభలోనే ఇస్తామని మేము పట్టుబట్టాం, దాంతో పదిహేను మంది హాలు బయటే నిలబడ్డారు, లోపల మాత్రం ఎవరూ పెరగలేదు.

నివారణ ఏమిటంటే, రెండో రోజు కార్యక్రమాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకు ముగించి, భోజనంతో పంపేయాలి. ధ్రువపత్రాలు ఉదయం విరామంలోనే అందించాలి, వాటిపై హోదా, తేదీలు సరిగా ఉన్నాయో లేదో ముందురోజు సాయంత్రమే ప్రతినిధులతో సరిచూపించుకోవాలి. ప్రారంభ సభలో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలకు కలిపి ముప్పావు గంటకు మించి కేటాయించకపోతే, పోగొట్టుకున్న సమయం అక్కడే తిరిగి దొరుకుతుంది.

అందరూ కూర్చున్నారు, కానీ ఎవరూ మాట్లాడటం లేదు

వక్త నిబంధనలను తెరపై పెట్టి చదువుతున్నారన్నమాట. పీహెచ్‌డీకి సంబంధించిన యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు 2022 నవంబర్‌లో గెజిట్‌లో వచ్చాయి. కోర్సు వర్కుకు కనీసం 12 క్రెడిట్లు, ఆచార్యునికి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు 6, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 4 మంది పరిశోధకుల పరిమితి అన్న సంగతులు ఈ శ్రోతలకు కంఠస్థమే. వారిని తికమక పెట్టేవి నిబంధనల మధ్య సందుల్లో పడే ఫైళ్లు.

అందుకే ప్రతి విశ్వవిద్యాలయమూ నెల రోజుల ముందే తనకు ఎదురైన ఒక చిక్కు ఫైలును, పేర్లు తొలగించి, ఒక పేజీకి కుదించి పంపాలని కోరాలి. 2018లో నమోదై, ప్రసూతి సెలవు తీసుకున్న పరిశోధకురాలికి గడువు పాత నిబంధనల ప్రకారం ఏ తేదీన ముగుస్తుంది? ఉద్యోగ విరమణకు మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్న గైడ్ (పరిశోధన పర్యవేక్షకుడు) కొత్తవారిని తీసుకోరాదని తెలిసినా, కౌన్సెలింగ్ రోజున ఖాళీల జాబితాలో ఆయన పేరు ఎలా చేరింది, సీటు కేటాయించాక బయటపడితే ఆ విద్యార్థిని ఎవరి దగ్గర చేర్చాలి? ఇటువంటి ఫైలు ఒకటి బల్ల మీద పెట్టి, ఎనిమిది మంది చొప్పున కూర్చోబెడితే, పదేళ్లుగా నోరు విప్పని సూపరింటెండెంట్ కూడా ‘మా దగ్గర ఇలా చేశామండీ’ అని మొదలుపెడతారు. ఆచార్యులకంటే అటువంటి వారి మాటే ఇక్కడ విలువైనది. వారిని వెనుక వరుసల్లోకి నెట్టే వేదిక అమరికను మార్చండి.

సదస్సు ముగిసి ఆరు నెలలైనా అడ్వాన్స్ సర్దుబాటు కాలేదు

అడ్వాన్స్ కన్వీనర్ వ్యక్తిగత పేరిట తీసుకోవడం, బిల్లుల మీద విశ్వవిద్యాలయం పేరు, జీఎస్టీ నంబరు లేకపోవడం, వక్తల పారితోషికంపై టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే కోసే ఆదాయపు పన్ను) మినహాయించడానికి పాన్ వివరాలు ముందుగా తీసుకోకపోవడం ఇందుకు సాధారణ కారణాలు. భోజనాల బిల్లుకు హాజరు పట్టిక జతచేయకపోతే ఆడిట్ అభ్యంతరం తప్పదు. 120 మంది సంతకాలు ఉన్నచోట 180 ప్లేట్ల బిల్లు పెడితే, దానికి ఏ వివరణా చాలదు.

పారితోషికం అంగీకార పత్రాన్ని ఆహ్వానంతోపాటే వక్తకు పంపి, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు అందులోనే తీసుకోవాలి. ప్రతి పూటా హాజరు పట్టికపై సంతకాలు తీసుకునే పని ఒకే ఉద్యోగికి అప్పగించి, ఆ సంఖ్యను భోజనాల కాంట్రాక్టరుకు పదకొండింటికల్లా రాతపూర్వకంగా తెలియజేయాలి. వోచర్లన్నీ సదస్సు ముగిసిన మూడో రోజున, కమిటీ సభ్యులు ఇంకా అందుబాటులో ఉండగానే, వరుస సంఖ్యలు వేసి సంతకాలు చేయించాలి. ఆ ఫైలు ప్రతి ఒకదాన్ని, ఆహ్వాన లేఖ నమూనాతోనూ, తేదీల ఎంపికకు వాడిన పట్టికతోనూ కలిపి, వచ్చే ఏడాది ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కు అదే వారంలో పంపాలి.