కొండదారి పాఠాలు – 3: దిగే టైమ్ నుంచి వెనక్కి లెక్క

పోయిన పాఠంలో మ్యాప్ మీద కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, చదవడం చూశాం. గీతలు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టుంటే నిటారు, ఎడంగా ఉంటే మెల్లని వాలు. ఈసారి ఆ గీతల్ని గంటల్లోకి మార్చాలి. ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి అన్న రెండు టైములు మీ అంతట మీరు కాగితం మీద రాసుకోగలిగితే ఈ పాఠం వచ్చినట్టే.

మనవాళ్ళలో చాలామందికి కొండ ఎక్కడం అంటే అలిపిరి మెట్లే. సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, దాదాపు 700 మీటర్ల ఎత్తు. మోకాళ్ళ పర్వతం దాటితే ఇక అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజంగానే అయిపోతుంది కూడా, ఎందుకంటే దర్శనం చేసుకుని బస్సెక్కి దిగుతాం. వ్యూ పాయింట్‌కి వెళ్ళే ట్రెక్కులో ఆ బస్సు ఉండదు. పైకి చేరేసరికి సగం పనే అయింది. మిగతా సగం అలసిన కాళ్ళతో, తగ్గిపోయిన నీళ్ళతో, వాలుతున్న ఎండలో చేయాలి. అందుకే ప్లాన్ పొద్దున్నుంచి మొదలుపెట్టకుండా సాయంత్రం నుంచి వెనక్కి వేయాలి.

ఉదాహరణకి కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లో, లోయ నుంచి గ్లేసియర్ పాయింట్ అనే వ్యూ పాయింట్‌కి ఎక్కే ఫోర్ మైల్ ట్రైల్ తీసుకుందాం. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్ళకి తెలిసిన చోటే, కాకపోతే ఎక్కువమంది కారులో వెళ్ళి చూసి వస్తారు. పైనుంచి హాఫ్ డోమ్ అనే రాతి శిఖరం, వెర్నల్, నెవాడా జలపాతాలు ఒకేసారి కనిపిస్తాయి. దారిలో లోయకి అవతల, ఎదుటి కొండగోడ మీద యోసెమిటీ జలపాతం మలుపు మలుపుకీ కనిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలం చివరికి అందులో నీళ్ళుండవు, అది వేరే సంగతి.

పేరు చూసి నాలుగు మైళ్ళే అనుకోవద్దు. 1871-72లో జేమ్స్ మెకాలీ అనే ఆయన టోల్ వసూలు చేసుకోవడానికి ఈ దారి వేయించాడు. తర్వాత దాన్ని మార్చి కట్టడంతో పొడవు పెరిగింది. ఇప్పుడు ఒకవైపు 4.8 మైళ్ళు, అంటే 7.7 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు 3,200 అడుగులు, అంటే 975 మీటర్లు. అలిపిరి కంటే దూరం తక్కువ, ఎత్తు బాగా ఎక్కువ.

ఇప్పుడు సూత్రం. స్కాట్లాండ్‌కి చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో చెప్పింది: ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ముందు దీన్ని అలిపిరి మీద వేసి చూడండి. 9 కిలోమీటర్లకి గంటా నలభై ఎనిమిది నిమిషాలు, 700 మీటర్లకి గంటా పది. మొత్తం మూడు గంటలకి రెండు నిమిషాలు తక్కువ. ఆగకుండా చకచకా ఎక్కేవాళ్ళ టైమ్ ఇంచుమించు అదే కదా.

ఫోర్ మైల్ ట్రైల్‌కి అదే లెక్క వేస్తే దూరానికి గంటన్నర పైన, ఎత్తుకి గంటా ముప్పై ఏడు నిమిషాలు, మొత్తం మూడు గంటల పది నిమిషాలు. అయితే నైస్మిత్ లెక్క ఒంట్లో సత్తువ ఉండి, కొండలు అలవాటైన మనిషికి. అందులో టీ లేదు, ఫొటో లేదు, షూ లేసు కట్టుకోవడం కూడా లేదు. వారమంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళకి నేను దూరమైతే గంటకి 4 కిలోమీటర్లు, ఎత్తైతే గంటకి 400 మీటర్లు అని మార్చి వేయిస్తాను. అప్పుడు దూరానికి 1:55 (అంటే గంటా 55 నిమిషాలు), ఎత్తుకి 2:26, మొత్తం 4:20. ఆగి కూర్చోవడానికి ఇంకో అరగంట కలపండి: 4:50.

ఇక దిగడం. దిగేటప్పుడు ఎగిరి గంతేసుకుంటూ వచ్చేస్తాం అనుకుంటారు. ఈ దారిలో వాలు ఎక్కువ, కొన్నిచోట్ల ఇసుక, సన్న గులకరాళ్ళు ఉంటాయి, అడుగు జారుతుంది. మోకాళ్ళ సంగతి ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే తెలుస్తుంది. ఎక్కడానికి పట్టిన 4:20లో మూడింట రెండొంతులు, అంటే 2:50 కేటాయించండి. ముందే దిగిపోతే నష్టమేమీ లేదు.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. అక్టోబరు మధ్యలో వెళ్తున్నారనుకుందాం. అక్కడ ఆ రోజుల్లో సూర్యాస్తమయం సుమారు 6:25. ఈ దారి లోయకి దక్షిణపు గోడ మీద, ఉత్తరానికి తిరిగి ఉంటుంది కాబట్టి నీడ తొందరగా కమ్ముతుంది, చలి కూడా. అందుకని 5 గంటలకల్లా కింద ఉండాలని పెట్టుకుందాం. అక్కణ్ణుంచి వెనక్కి రండి. 5లో 2:50 తీసేస్తే 2:10. రౌండుగా మధ్యాహ్నం 2 గంటలు, అదే వెనక్కి తిరిగే టైమ్. పైన ముప్పావు గంట కూర్చోవాలంటే 1:15కి చేరాలి. అందులో 4:50 తీసేస్తే పొద్దున 8:25. కాబట్టి 8:15కల్లా ట్రైల్ మొదట్లో మొదటి అడుగు పడాలి. గమనించండి, 8:15కి రూమ్‌లోంచి బయటపడటం కాదు. పార్కింగ్ వెతుక్కోవడం, బాత్‌రూమ్ లైను, ఇవన్నీ దానికి ముందే అయిపోవాలి.

2 గంటలు అంటే ఎక్కడ ఉన్నా 2 గంటలే. అసలు ప్లాన్ మొత్తంలో కష్టమైన భాగం ఇదే, మిగతాదంతా కూడికలూ తీసివేతలూ. "ఇంకో పది నిమిషాలే, వచ్చేసింది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దిగి వచ్చేవాళ్ళని అడిగితే వాళ్ళూ అదే అంటారు, అలిపిరిలో మనం ఎంతమందికి చెప్పలేదు! అప్పటికప్పుడు వాదించుకునే పని లేకుండా తిరిగే టైమ్ కింద ఉన్నప్పుడే అందరి ముందూ చెప్పి, అందరి ఫోన్లలో అలారం పెట్టించండి. ఫోన్ సిగ్నల్ లేకపోయినా అలారం మోగుతుంది.

మధ్యలో ఒక చెక్ పాయింట్ కూడా పెట్టుకోవాలి. ఇక్కడ అది యూనియన్ పాయింట్. మొదటి నుంచి సుమారు మూడు మైళ్ళు, ఎత్తులో మూడొంతుల దాకా అక్కడికే అయిపోతుంది. మన లెక్కలో పదకొండున్నర ప్రాంతంలో అక్కడ ఉండాలి. పన్నెండున్నర అయితే గంట వెనకబడ్డారు, పైకి చేరేసరికి రెండు దాటుతుంది. అలాంటప్పుడు అక్కడే కూర్చుని పులిహోర తిని దిగండి. లోయ అక్కణ్ణుంచీ బాగానే కనిపిస్తుంది.

గుంపులో వెళ్తుంటే లెక్క ఎవరి నడకతో వేయాలి? అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ నడకతో. ముందు నడిచేవాళ్ళు ఆగి ఆగి విశ్రాంతి తీసుకుంటారు, వెనకవాళ్ళు చేరగానే లేచి పోతారు. దాంతో అందరికంటే అలసినవాళ్ళకే విశ్రాంతి ఉండదు. నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి, ఆ తగాదా తీరిపోతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్ళని నడిపించాల్సిన పని లేదు. లోయ నుంచి గ్లేసియర్ పాయింట్‌కి కారులో 30 మైళ్ళు, గంట ప్రయాణం. ఒకరు వాళ్ళని తీసుకుని పైకి వస్తే, నడిచి ఎక్కినవాళ్ళలో కాళ్ళు పట్టేసినవాళ్ళు అదే కారులో దిగొచ్చు. సీట్లు ముందే లెక్కపెట్టుకోండి. ఇది కుదిరేది రోడ్డు తెరిచి ఉన్నప్పుడే. మామూలుగా నవంబరు నుంచి మే దాకా మంచు వల్ల ఆ రోడ్డు మూసేస్తారు, చలికాలంలో ట్రైల్ పైభాగాన్నీ మూసేస్తారు. బయల్దేరే వారంలో పార్క్ సైట్ చూసుకోవాలి. దారిలో తాగునీరు దొరకదు, రాకపోకలకి సరిపడా మోసుకెళ్ళాల్సిందే. ఎన్ని లీటర్లన్నది తర్వాతి పాఠంలో, బ్యాగుతో పాటు.

ఈ పాఠం హోమ్‌వర్క్: అదే లోయలో ఎదుటి గోడ మీదున్న అప్పర్ యోసెమిటీ ఫాల్ ట్రైల్. రాకపోకలు కలిపి 7.2 మైళ్ళు (11.6 కిలోమీటర్లు), ఎత్తు 2,700 అడుగులు (823 మీటర్లు). అదే అక్టోబరు రోజు, 5కి కింద ఉండాలి, పైన ముప్పావు గంట, దారిలో అరగంట ఆగడం. బయల్దేరే టైమ్, వెనక్కి తిరిగే టైమ్ రెండూ రాయండి. సూత్రంలో వేసే దూరం ఒకవైపుది మాత్రమే, అక్కడే చాలామంది తప్పు చేస్తారు. జవాబు 4వ పాఠం మొదట్లో ఉంటుంది.