ఊళ్లో నెట్ నత్తనడక నడుస్తుంటే: సమస్య, కారణం, పరిష్కారం

"నెట్ స్లోగా ఉంది, స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే వేసి పెట్టండి" అని మా ఊళ్లో నన్ను అడగనివారు తక్కువ. టవరు నుంచి గానీ ఫైబరు నుంచి గానీ ఇంటిదాకా రాని వేగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. అయితే వచ్చిన కాస్త వేగం ఎక్కడ కారిపోతోందో కనిపెట్టి ఆ చిల్లును పూడ్చడం సాఫ్ట్‌వేరు పనే. కాబట్టి ముందుగా చిల్లు ఎక్కడుందో తెలుసుకోవాలి. కింది లక్షణాలలో మీ ఇంటికి సరిపోయేది చూసుకుని, ఆ భాగం మాత్రమే పాటిస్తే చాలు.

ముందు కొలత

ఏ సెట్టింగూ మార్చకముందే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 9 గంటల ప్రాంతంలో ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (సంకేతం సర్వరుదాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) అనే మూడు అంకెలనూ కాగితంమీద రాసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఇందుకు సరిపోతుంది. డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు సెకనుకు ఇన్ని మెగాబిట్లు (ఎంబీపీఎస్) అని బిట్లలో ఉంటాయి, మనం దించుకునే ఫైళ్ల పరిమాణం బైట్లలో ఉంటుంది. 8 బిట్లయితే ఒక బైటు. అంటే 8 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 700 ఎంబీ ఫైలు దిగడానికి దాదాపు 12 నిమిషాలు పట్టడం సహజమే, అది జబ్బు కాదు.

ఒక కొలత రౌటరు పక్కనే నిలబడి, మరొకటి మీరు మామూలుగా కూర్చునే చోట తీసుకోవాలి. పక్కన బాగా వచ్చి లోపలి గదిలో పడిపోతుంటే తప్పు వైఫైది, కంపెనీది కాదు. అడుగున్నర మందం మట్టిగోడలున్న పాత ఇళ్లలో 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండో గోడ దాటేసరికి సన్నగిల్లుతుంది, అక్కడ 2.4 గిగాహెర్ట్జ్‌కు మారడమో, రౌటరును ఇంటి నడుమకు తేవడమో చేయాలి.

సమస్య: మధ్యాహ్నందాకా బాగానే ఉండి, తర్వాత మెసేజులు తప్ప ఏదీ కదలడం లేదు

మొబైల్ డేటా వాడేవారిలో ఇది నిత్యం కనిపించేది. ఆ రోజుకిచ్చిన 1.5 జీబీయో 2 జీబీయో అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు దిగిపోతుంది, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఆ వేగంలో 2 ఎంబీల సాధారణ వార్తాపేజీ తెరుచుకోవడానికి 4 నిమిషాలకు పైగా పడుతుంది. సిగ్నలు గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి కనుక జనం టవరును తిట్టుకుంటారు.

ఫోన్ సెట్టింగుల్లో డేటా యూసేజ్ తెరిస్తే ఏ యాప్ ఎంత తిన్నదో వరుసగా కనిపిస్తుంది. గ్రూపుల్లో వచ్చే వీడియోలు వాటంతటవే దిగడం, ప్లే స్టోరులో యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ కావడం, వీడియోలు హెచ్‌డీలో నడవడం, ఈ మూడింటినీ ఆపితే చాలా ఇళ్లలో రోజు కోటా రాత్రిదాకా వస్తుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్లలోనే డేటా సేవర్ ఉంది. దాన్ని ఆన్ చేసి, మెసేజులకూ బ్యాంకుకూ వాడే యాప్‌లకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి.

కోటా అయిపోయాక కూడా పేజీలు చదవక తప్పనప్పుడు ఒపేరా మినీ పనికొస్తుంది. దాని ఎక్స్‌ట్రీమ్ మోడ్‌లో పేజీ ముందు ఒపేరా సర్వరుకు వెళ్లి, అక్కడ కుదించుకుని మన ఫోనుకు వస్తుంది. మన పేజీని మధ్యలో మరో కంప్యూటరు విప్పి చూస్తుందన్న సంగతి మరవకూడదు. ఆ మోడ్‌లో బ్యాంకు లావాదేవీలు చేయవద్దు. క్రోమ్‌లో ఇలాంటిదే ఉన్న లైట్ మోడ్‌ను గూగుల్ 2022లో తీసేసింది కనుక పాత వీడియోలు చూసి దానికోసం వెతకనవసరం లేదు.

సమస్య: స్పీడ్ టెస్టులో అంకె బాగుంది, కానీ ఇంట్లో ఒకరు ఏదో పంపుతుంటే మిగతావారి నెట్ నిలిచిపోతోంది

సాఫ్ట్‌వేరు నిజంగా అద్భుతం చేయగలిగేది ఇక్కడే కనుక దీన్ని కాస్త విపులంగా చెబుతాను. మా ఇంట్లో జరిగింది ఇది. పిన్ని పెళ్లి నుంచి తిరిగి వచ్చి ఫోనుకు వైఫై కలపగానే వెయ్యికి పైగా ఫొటోలు క్లౌడుకు ఎక్కడం మొదలుపెట్టాయి. పక్క గదిలో మా అబ్బాయి ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి గొంతు ముక్కలు ముక్కలైంది. అంతకుముందు 48 మిల్లీసెకన్లున్న పింగ్ 1,900కి చేరింది. పిన్ని ఫోనులో వైఫై ఆపగానే అయిదారు సెకన్లలో మళ్లీ 50కి వచ్చింది.

ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర కాటాను తలచుకుంటే కారణం అర్థమవుతుంది. 40 బస్తాలు వేసుకున్న ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉండగా, వెనక ఒకాయన చేతిలో చీటీ పట్టుకుని సంతకం కోసం వచ్చాడనుకుందాం. ఆయన పని అరనిమిషమే అయినా ట్రాక్టర్లన్నీ కదిలేదాకా నిలబడాలి. రౌటర్లలో, మోడెంలలో ఉండే బఫర్ అనే నిల్వ స్థలం ఇలాంటి వరుసే. ఫొటోలు దాన్ని నింపేస్తే వాటి వెనక క్లాసు తాలూకు చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఆగిపోతాయి. అంతేకాక, మనం దించుకునే ప్రతి ఫైలుకూ "అందింది" అనే రసీదులు అప్‌లోడ్ దారిలోనే వెనక్కి వెళ్లాలి. అవి ఆలస్యమైతే అవతలి సర్వరు పంపడం తగ్గిస్తుంది, దాంతో డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. అప్‌లోడ్ బలహీనంగా ఉండే పల్లె 4జీ కనెక్షన్లలో ఈ బాధ మరీ ఎక్కువ.

ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టినవారు కంప్యూటర్ ఇంజినీరు జిమ్ గెటిస్. దీనికి మందుగా 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ కలిసి కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. దాని తర్వాతి రూపాలే ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్. ఇవి ప్యాకెట్లను ధారలుగా విడదీసి, చీటీ పట్టుకున్న మనిషిని ట్రాక్టర్ల వరుసలోంచి పక్కకు తీసి ముందుగా పంపిస్తాయి.

తక్షణ పరిష్కారంగా ఫొటోల బ్యాకప్‌ను అందరూ నిద్రపోయే వేళకు వదిలేయాలి. శాశ్వత పరిష్కారం కావాలంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటరు సాఫ్ట్‌వేరు నడిచే రౌటరును తెచ్చి, అందులో వరుసలను సరిదిద్దే ఎస్‌క్యూఎమ్ అనే ప్యాకేజీ వేసి, కేక్‌ను ఎంచుకోవాలి. అక్కడ ఇవ్వవలసిన అంకెలు మీరు కాగితంమీద రాసుకున్న కొలతల కంటే 10 నుంచి 15 శాతం తక్కువగా ఉండాలి. ఫైబర్‌లో డౌన్‌లోడ్ 20, అప్‌లోడ్ 4 వస్తుంటే 17.5, 3.5 అని ఇస్తే సరి. వేగాన్ని మనమే తగ్గించుకోవడమేమిటని అనిపిస్తుంది. కానీ వరుస మన రౌటరులో ఏర్పడితేనే దాన్ని మనం సరిదిద్దగలం, కంపెనీవారి మోడెంలో ఏర్పడితే చేయగలిగింది లేదు. 4జీలో వేగం గంటగంటకూ మారుతుంది కనుక రాత్రి వచ్చే కనిష్ఠాన్ని లెక్కలోకి తీసుకోవాలి, లేదా హద్దును తానే సవరించుకునే కేక్-ఆటోరేట్ స్క్రిప్టును వాడాలి. మీ రౌటరు మోడల్, దాని వెర్షన్ అంకెతో సహా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉందో లేదో చూడకుండా ఆ ఫర్మ్‌వేర్ (రౌటరును నడిపే సాఫ్ట్‌వేరు) ఎక్కిస్తే రౌటరు ఇటుకరాయిలా మిగిలిపోవచ్చు.

సమస్య: ఫోనులో బాగానే ఉంది, అదే నెట్ కంప్యూటరుకు ఇస్తే కదలడం లేదు

విండోస్ తన అప్‌డేట్లను దించుకుంటూ ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అనే నిలువు వరుస తలమీద నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. వైఫై ప్రాపర్టీస్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ (లెక్కగా వాడుకోవలసిన డేటా) అని గుర్తిస్తే విండోస్ పెద్ద అప్‌డేట్లను చాలావరకు వాయిదా వేస్తుంది. అలాగని నెలల తరబడి వదిలేయకుండా, పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున దాన్ని తీసేసి అప్‌డేట్లను రానివ్వాలి. డెలివరీ ఆప్టిమైజేషన్ సెట్టింగులో, మీ కంప్యూటరు నుంచి ఇంటర్నెట్‌లోని ఇతరులకు అప్‌డేట్లు పంపే అవకాశం ఆన్‌లో ఉంటే ఆపేయాలి. బ్రౌజరులో యూబ్లాక్ ఆరిజిన్ వంటి ప్రకటనల నిరోధకం పెట్టుకుంటే వార్తా సైట్లు తేలికపడతాయి. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా దీన్ని అనుమతిస్తుంది.

విండోస్ 20 శాతం వేగాన్ని తనకోసం దాచుకుంటుందని, దాన్ని విడిపిస్తామని కంప్యూటర్ షాపుల్లో ఇప్పటికీ చెబుతుంటారు. అది పాత విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వస్తున్న అపోహ. ఆ సెట్టింగు మార్చినందువల్ల మీ నెట్‌లో తేడా ఏమీ రాదు.

సమస్య: పేజీ మొదలవడానికే చాలాసేపు పడుతోంది, మొదలయ్యాక చకచకా వస్తోంది

సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సర్వరు నెమ్మదించి ఉండవచ్చు. రౌటరు సెట్టింగుల్లో 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ ఇచ్చి రెండు రోజులు చూడాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సదుపాయం ఫోనులోనే ఉంది. దీనివల్ల తగ్గేది మొదటి నిరీక్షణ మాత్రమే, డౌన్‌లోడ్ వేగం పెరగదు. ఒక్కొక్కసారి కంపెనీ సొంత డీఎన్ఎస్ దగ్గరలోని వీడియో సర్వరును చూపిస్తే, బయటి డీఎన్ఎస్ దూరంగా ఉన్నదాన్ని చూపవచ్చు. మార్చాక వీడియోలు ఆగుతుంటే పాతదానికే తిరిగి వెళ్లండి.

సమస్య: కొన్ని సైట్లు బాగా వస్తున్నాయి, మరికొన్ని సగంలో వేలాడుతున్నాయి

ఫైబరు పెట్టె వెనక మీరు సొంత రౌటరు పెట్టుకుని, పీపీపీఓఈ పద్ధతిలో యూజర్ పేరుతో కనెక్ట్ అవుతుంటే రౌటరు సెట్టింగుల్లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండవచ్చో చెప్పేది) అంకెను చూడండి. అది 1500 అని ఉంటే 1492కు మార్చండి. ఇలా కాక, ఒకే ఒక్క సైటు, అదీ ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల చివరి రోజు వంటి సందర్భంలో వేలాడుతుంటే తప్పు మీ నెట్‌ది కానేకాదు. ఉదయం 5 గంటలకు ప్రయత్నించండి.

సమస్య: రోజూ సాయంత్రం 7 నుంచి 10 వరకే ఈ బాధ

పొలాల నుంచి, పనుల నుంచి అందరూ ఇళ్లకు చేరి ఒకే టవరుమీద వీడియోలు చూసే సమయమది. పెద్ద ఫైళ్లను డౌన్‌లోడ్ మేనేజరుతో తెల్లవారుజామున 4 గంటలకు షెడ్యూల్ చేసుకోవడం ఉత్తమం. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచి కొనసాగించడం దాని అసలు ప్రయోజనం. పాఠాల వీడియోలను ముందే దించిపెట్టుకుంటే పిల్లల సాయంత్రం చదువుకు నెట్‌తో పనుండదు.

సిమ్ వేసే 4జీ రౌటర్లలో కొన్నింటికి బ్యాండును (టవరుతో మాట్లాడే తరంగాల దారిని) ఎంచుకునే సదుపాయం ఉంటుంది. 850 మెగాహెర్ట్జ్‌లో నడిచే బ్యాండ్ 5 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ ఇరుకైన దారి. 2300లో నడిచే బ్యాండ్ 40 వెడల్పైనదే గానీ దూరం పోదు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే రౌటరు గీతలు నిండుగా ఉన్న ఇరుకుదారినే పట్టుకుని కూర్చోవచ్చు. ఒక్కొక్క బ్యాండునూ రాత్రి వేళే పరీక్షించి మెరుగైనదాన్ని ఖాయం చేయాలి.

వేర్వేరు కంపెనీల రెండు కనెక్షన్లుంటే స్పీడిఫై వంటి సాఫ్ట్‌వేరుతో వాటిని కలపవచ్చు. ఇంటినుంచి ఉద్యోగం చేసేవారికి ఆ ఖర్చు గిట్టుబాటే. రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవైతే రద్దీ పడిన ఆ టవరుమీదే రెండూ వేలాడతాయి కనుక డబ్బు దండగ.

సాఫ్ట్‌వేరుతో కానివి

రౌటరు లేదా ఫోను స్టేటస్‌లో సిగ్నలు బలాన్ని చూపే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంకె మైనస్ 115 దరిదాపుల్లో ఉంటే సెట్టింగులు మార్చి లాభం లేదు. రౌటరును డాబా మెట్లగది కిటికీలో టవరు వైపుకు పెట్టి మళ్లీ చూడాలి. మైనస్ 100కి వస్తేనే తేడా తెలుస్తుంది. లైసెన్సు లేకుండా సిగ్నల్ బూస్టర్లు బిగించడం చట్టవిరుద్ధం, ఊరందరి ఫోన్లనూ అవి చెడగొడతాయి కూడా. ఫైబరు పెట్టెమీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మెరుస్తుంటే తీగ ఎక్కడో తెగిందో వంగిందో అని అర్థం. కరెంటు స్తంభాలమీదుగా తీగలు లాగిన చోట గాలివాన తర్వాత ఇది మామూలే. ఆ ఎర్ర దీపం వెలగకపోయినా, తీగలో అందుతున్న కాంతి బలం మైనస్ 27 డీబీఎం (కాంతిని కొలిచే ప్రమాణం)కు పడిపోతే కనెక్షన్ తరచూ తెగుతుంది.

ప్లే స్టోరులో దొరికే ఇంటర్నెట్ స్పీడ్ బూస్టర్ యాప్‌లు చేసేది వెనక నడుస్తున్న ఇతర యాప్‌లను మూసివేయడం, ఆపైన ప్రకటనలు చూపించడం. ఆ ప్రకటనలు కూడా మీ డేటాలోంచే వస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా వేగం రాకపోతే కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోవాలి, పరిష్కారం కాకపోతే ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ రావాలి. ఫోన్ ఎత్తిన అమ్మాయి మొట్టమొదట అడిగేది రౌటరు ఆపి మళ్లీ వేశారా అని, రెండోది వైఫైలో చూశారా కేబులుతో చూశారా అని; ఆ మూడు వేళల కొలతలు రాసుకున్న కాగితం అప్పుడు దగ్గర పెట్టుకోండి.