మేత భూమి హక్కును కాగితం మీదికి ఎక్కించుకోవడం ఎలా?

అడవిలో, ఊరి బీడులో పశువులు మేపొచ్చా లేదా అన్న గొడవ మనకు కొత్తది కాదు. పల్నాడులో పశువుల మేతకు పుల్లరి పన్ను కట్టమంటే కట్టేది లేదని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో బ్రిటిష్ పోలీసులు కాల్చి చంపారు. వందేళ్లు దాటినా వాదన మాత్రం అక్కడే ఉంది. మందలు తిరిగితే మొలక బతకదని ఫారెస్టు వాళ్లు అంటారు, తాతల నాటి నుంచి ఇక్కడే మేపుతున్నామని కాపరులు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ కేసు రాసే పుస్తకం ఒకరి చేతిలోనే ఉంది. రెండోవాళ్ల దగ్గర ఏ కాగితమూ లేకపోవడమే అసలు సమస్య. చట్టంలో హక్కు ఉంది, ఊళ్లో దాని రికార్డు లేదు. ఆ రికార్డు తయారు చేసుకునే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, తెలంగాణలో 2017 నుంచి 75 శాతం సబ్సిడీ మీద ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. మంచిదే, కానీ అవి ఎక్కడ మేయాలన్నది ఎవరూ తేల్చలేదు. బీళ్లు ప్లాట్లయ్యాయి, గుట్టలు క్వారీలయ్యాయి, మిగిలిన చోట మొక్కలు నాటి కంచె కట్టారు. ఆంధ్రాలో కూడా పెద్ద తేడా ఏమీ లేదు.

ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. రెవెన్యూ బీడుకు ఒక దారి, రిజర్వు ఫారెస్టుకు ఇంకో దారి. సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి పాత రికార్డు నకలు అడగండి. తెలంగాణలో అయితే సేత్వార్, ఖాస్రా పహాణీ, ఆంధ్రాలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), అడంగల్. అందులో గైరాన్, కంచ, మేత పోరంబోకు, పశువుల బీడు లాంటి మాట కనబడితే అది ఊరందరి మేత కోసం వదిలిన నేల అన్నమాట. ఆన్‌లైన్‌లో చూసుకుని ఊరుకోవద్దు, సర్టిఫైడ్ నకలు చేతికి రావాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ నక్షా కూడా తీసుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

రెవెన్యూ బీడు అయితే పని కొంచెం తేలిక. జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పు ఉంది, ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి మళ్లీ ఊరికే అప్పగించేలా పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. గ్రామసభలో తీర్మానం చేయించి, సర్వే చేసి హద్దురాళ్లు పాతాలనీ, ఆ నంబరును రిజిస్ట్రేషన్లు జరగని 22ఎ జాబితాలో ఉంచాలనీ రాతపూర్వకంగా అడగండి. సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

అడవి అయితే

ఇక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(డి) మేత హక్కును పేరు పెట్టి మరీ చెప్పింది, ఊళ్లోనే ఉండి మేపేవాళ్లకూ, మందలతో వలస తిరిగేవాళ్లకూ. కానీ పోడు పట్టాల హడావుడిలో చాలా ఊళ్లలో అందరూ ఫారం-ఎ నింపారు, అది ఒక్కో కుటుంబం భూమికి. మేతకు కావాల్సింది ఫారం-బి. అడవిని కాపాడుకుంటూ నిర్వహించుకునే హక్కు కూడా కావాలంటే ఫారం-సి. రెండూ కలిపి వేయమనే నా సలహా, ఎందుకంటే వట్టి మేత హక్కు కంటే అడవి బాధ్యత కూడా తీసుకుంటామన్న ఊరి మాటకు బరువెక్కువ.

గిరిజనేతరులకు, అంటే చాలామంది గొల్లకురుమలకు, ఒక షరతు ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ఆ అడవి మీద ఆధారపడి అక్కడ బతుకుతున్నట్టు చూపాలి. ఈ మాట చెప్పి చాలామందిని వెనక్కి పంపేస్తారు. భయపడొద్దు, కనీసం రెండు ఆధారాలు ఉంటే చాలు, అందులో ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఒక ఆధారమేనని నియమాల్లోనే ఉంది. సంప్రదాయ మేత స్థలాలు, పశువులు నీళ్లు తాగే చోట్లు, దేవర చెట్లు, ఇవన్నీ సామూహిక హక్కుకు ఆధారాలే. ఇంట్లో ట్రంకు పెట్టెలు వెతకండి, పాత పుల్లరి రసీదు ఒక్కటి దొరికినా అది బంగారం.

వాంగ్మూలం ఎలా రాయాలో చెబుతాను, ఎందుకంటే "అనాదిగా మేపుతున్నాం" అని ఒక్క ముక్క రాసిస్తే ఎవరూ పట్టించుకోరు. వయసు మళ్లిన కాపరి తాతను వెంటబెట్టుకుని అడవిలోకే నడవండి. ఆయన చెప్పిన మాట చెప్పినట్టే రాయండి: "దసరా దాటాక మందను ఫలానా చెరువు కట్ట మీదుగా తోలేవాళ్లం, సంక్రాంతికి వాగు ఎండితే ఎగువ కుంటకు మళ్లేవాళ్లం, రాత్రి మంద పెట్టిన రాతి దొడ్డి గోడ మోకాలెత్తు ఇంకా నిలబడే ఉంది." నెల, దారి, నీళ్లు, దొడ్డి, నాలుగూ ఉండాలి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఆ దొడ్డినీ, కుంటనూ ఫొటో తీసి, గ్రామ నక్షా మీద గుర్తు పెట్టండి.

తర్వాత గ్రామసభ. సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, లేకపోతే తీర్మానం చెల్లదు. హాజరు సంతకాలు జాగ్రత్తగా పెట్టించండి, చాలా క్లెయిములు ఈ చిన్న విషయం దగ్గరే పోతాయి. పది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీ ఉంటుంది, పరిశీలనకు ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు నోటీసు ఇవ్వాల్సింది ఆ కమిటీయే. "గడువు అయిపోయింది" అని ఎవరైనా అంటే, సభ క్లెయిములు పిలిచాక ఉండే మూడు నెలల గడువును కారణం రాసి పొడిగించే అధికారం గ్రామసభకే ఉందని చెప్పండి. అక్కడి నుంచి ఫైలు సబ్ డివిజన్ కమిటీకి, తర్వాత కలెక్టరు ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. తిరస్కరిస్తే కారణం రాతలో అడిగి తీసుకోండి, పై కమిటీకి వెళ్లడానికి 60 రోజులు ఉంటుంది.

పాలమూరు వైపు నుంచి నెలల తరబడి మందలతో వెళ్లిపోయేవాళ్లకు ఒక మాట. మీరు ఊళ్లో ఉన్న సమయంలోనే మీ క్లెయిము పరిశీలించాలని అటవీ హక్కుల చట్టం కింది 12వ నియమం చెబుతోంది. బయలుదేరే ముందే తేదీ రాయించుకుని వెళ్లండి. దారిలో ఆగే ఊళ్ల గ్రామసభల్లో కూడా అర్జీ పెట్టండి.

ఎక్కడ పట్టుబట్టకూడదో కూడా తెలియాలి. నేషనల్ పార్కులో మేతకు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అభయారణ్యంలో అనుమతితో మేపవచ్చు, కానీ పశువులకు టీకాలు వేయించి ఉండాలి, చుట్టూ 5 కిలోమీటర్ల లోపు పశువులకు టీకాలు వేయించే ఏర్పాటు చేయాల్సింది మాత్రం అటవీ శాఖ. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు తమిళనాడు అడవులన్నిటిలో మేత ఆపమని చెప్పి, కొద్ది రోజులకే దాన్ని పార్కులు, అభయారణ్యాలు, టైగర్ రిజర్వుల వరకు కుదించింది. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పరిస్థితి మరీ సున్నితం. పొడ తూర్పు ఎద్దులు ఆ నల్లమల మేతతో తయారైన జాతి, 2020లో దానికి దేశ స్థాయి గుర్తింపు కూడా వచ్చింది, అదే అడవిలో పులులూ ఉన్నాయి. అక్కడ ఏ మూల వదిలేస్తారో, ఏ మూల అడుగుతారో ముందే ఊరంతా కూర్చుని అనుకోవాలి.

మీ కట్టుబాట్లు మీరే రాసుకోండి

ఫారెస్టు వాళ్ల ఫిర్యాదుల్లో కొన్ని నూటికి నూరుపాళ్లు నిజం. ఎండాకాలం పచ్చి మోసు కోసం గడ్డికి నిప్పు పెట్టడం, మేకల కోసం మండలు నరకడం, ఇవి అడవిని చంపుతాయి. గొర్రె గడ్డి మేస్తుంది, మేక చిగురు మీద పడుతుంది, రెండింటికీ ఒకే నియమం పెడితే కుదరదు. కాబట్టి మీ తీర్మానంలోనే రాయండి: నిప్పు పెట్టం, మండ కొట్టం, తొలకరి తర్వాత మొలక నిలదొక్కుకునే దాకా ఫలానా వైపు వెళ్లం, నాటిన మొక్కలు ఎదిగేదాకా ఆ బ్లాకులోకి మేకలను తోలం, పారుడు రోగానికీ గాలికుంటుకూ టీకాలు వేయిస్తాం. బయటి ఊరి మందలు వస్తే ఎన్ని, ఎన్నాళ్లు అన్నది కూడా రాయండి. తప్పితే జరిమానా ఎంతో కూడా ఊరే తేల్చాలి. ఈ కాగితం తీసుకుని రేంజర్ దగ్గరికి వెళ్తే మాట్లాడే తీరే మారుతుంది, ఎందుకంటే ఆయనకు కూడా పైవాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి.

ఇదంతా తేలేలోపు మందను పట్టుకుంటే గొడవ పడొద్దు, అలాగని రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఆ రసీదు మీద తేదీ, బీట్ పేరు, కంపార్ట్‌మెంట్ నంబరు, పశువుల లెక్క రాయించుకోండి. మీరు ఆ చోట మేపుతున్నారని సర్కారే రాసిచ్చిన కాగితం అది. జిరాక్సు తీసి, ఫారం-బి ఫైలులో పెట్టండి.