పాత పిల్లల షో చేతికొస్తే బొమ్మల కంపెనీ ఏం చేయాలి

ముందు హక్కుల కాగితాలు తీయండి, బొమ్మ డిజైన్ తర్వాత. షో కొన్నామంటే అన్నీ మనవే అనుకోవద్దు. 2018లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో పవర్ రేంజర్స్ షోను, మరికొన్ని బ్రాండ్లతో కలిపి, 52.2 కోట్ల డాలర్లకు కొంది, కానీ ఆ షోలో ఫైట్ సీన్లు చాలావరకు జపాన్‌లోని తోఎయ్ (Toei) అనే నిర్మాణ సంస్థ తీసిన సూపర్ సెంటాయ్ సిరీస్ నుంచి తీసుకున్నవి. అందుకే టీవీ, బొమ్మలు, బట్టలు, గేములు ఎవరి చేతిలో ఉన్నాయో, ఏ దేశంలో ఎప్పటివరకో విడివిడిగా రాసుకోండి.

తర్వాత అసలు టెన్షన్, ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అని. పిల్లల షోలోని థామస్ రైలింజన్‌నే తీసుకోండి: నీలం రంగు, పక్కన పసుపు 1 అంకె, ముందు బూడిదరంగు ముఖం, మూడేళ్ల పిల్లాడు కూడా దూరం నుంచే గుర్తుపడతాడు. థామస్ బొమ్మలు చేసే మ్యాటెల్ కంపెనీ 2017లో చెక్క రైళ్లకు రంగు తగ్గించి చెక్క బయటికి కనిపించేలా చేసింది, పాత అభిమానులకు అస్సలు నచ్చలేదు, 2022లో మళ్లీ నిండుగా రంగేసి తెచ్చింది. నా లెక్కలో ఇంతకంటే మంచి పాఠం లేదు, ఎందుకంటే డబ్బిచ్చేది అమ్మానాన్నలు, వాళ్ల జ్ఞాపకంలో ఉన్న బొమ్మ వేరైతే చెయ్యి వెనక్కి వెళ్తుంది. కొత్త రైలు పాత పట్టాల మీద నడవాలి, ఇది మాత్రం వదలొద్దు.

కథ రాసేవాళ్లను మాత్రం స్వేచ్ఛగా వదలండి. 2010లో మై లిటిల్ పోనీ అనే గుర్రాల కార్టూన్ షో కొత్తగా వచ్చినప్పుడు పాత్రలకు అసలైన స్వభావాలిచ్చారు, పెద్దవాళ్లు కూడా అభిమానులయ్యారు.

షో, బొమ్మలు ఒకే సీజన్‌లో షాపుకి చేరేలా తేదీలు ముందే కుదుర్చుకోండి.